పులి పక్కన ముక్కాలిపీట

రైలు సొరంగంలో దూరగానే పెట్టెలో చీకటి కమ్మింది. మళ్ళీ వెలుతురు పడేసరికి గున్నయ్య చేతిలోని సూదికి దారం ఎక్కి ఉంది. ఎదుటి బల్ల మీద గంపలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు.

"సీకట్లో ఎలాగెక్కించేవు తాతా?"

"నానెక్కడ ఎక్కించేను? దారాన్ని సూస్తే సాలు, మా సూదే నోరు తెరుస్తాది. ఆకలి ఎక్కువ దానికి."

అసలు సంగతేమిటంటే, దారం ఎక్కించిన సూది మరొకటి ఆయన చొక్కా కాలరు కింద గుచ్చి ఉంటుంది. చీకట్లో అదీ ఇదీ మార్చేస్తాడు. రాయగడలో బయలుదేరి కకిరిగుమ్మ సంతకు వెళ్ళే పాసింజరులో ఈ గారడీ ఎన్నేళ్ళనుంచి సాగుతోందో గాని, పట్టుకున్నవాడు ఇంకా పుట్టలేదు.

గున్నయ్యకు అరవై ఆరు. మిషను మీద వంగి వంగి వీపు కొడవలిలా తిరిగింది. కుడిచేతి బొటనవేలు కత్తెర ఒరిపిడికి కాయకాచి నల్లబడింది. మోకాళ్ళు మెట్టు కనబడితే చాలు మొరాయిస్తాయి. అయినా ఒక్క సంత మానడు. కుట్టుమిషనును బుల్లి అనే ఆవిడ టీకొట్టు వెనక వదిలేస్తాడు గాని, ఒళ్ళో ఉన్న ముక్కాలిపీటను మాత్రం వారం వారం మోసుకువెళ్ళి మోసుకొస్తాడు. దాని మీద రవిక గుడ్డల పేలికలతో కుట్టిన మెత్త ఉంటుంది. ఒకసారి దాన్ని కొట్టులో వదిలితే మేక ఎక్కి కూర్చుందట. ఆ మేకకు వారం రోజులు దొరసాని పోకడలు పోలేదని ఆయన చెప్పే కథ వేరే ఉంది.

సంతలో ఆయన చోటు మారదు. ఎడమవైపు మిషను, కుడివైపు పీట. పీట మీద ఎవరు కూర్చోబోయినా, "దానికి సొంతదారుంది" అంటాడు. ఎదురుగా గోనెపట్టా మీద గుండీలు, దారాలు, లేసులు పరుచుకుని శంకరరావు కూర్చుంటాడు. ఆయన పెళ్ళాం తమ్ముడు. వారానికొకసారి, గొడుగు పాతగానే, ఒకే మాట అడుగుతాడు.

"దర్జీ! మా అప్పని ఏ సొరంగంలో తోసేవో ఇవాళయినా గురుతొచ్చిందేటి?"

గున్నయ్య చక్రం తిప్పుతాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఆ పీట మీద ఆయన పెళ్ళాం సత్యవేణి కూర్చుని రవికలకు హుక్సులు కుట్టేది. ఒక సంతనాడు మధ్యాహ్నం మంచినీళ్ళు తాగొస్తానని లేచింది. తిరిగి రాలేదు. అలిగి పుట్టింటికి పోయి ఉంటుందిలే అనుకున్నాడు గున్నయ్య. పెళ్ళాం అలిగిపోయిందని చెప్పుకోడానికి నామోషీ వేసి, అడిగినవాళ్ళకల్లా పులి ఎత్తుకుపోయిందని చెప్పాడు. ఆ పులికి మీసాలు దువ్వాడు, భుజాన తువ్వాలు వేశాడు. సంతంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ కథ చుట్టుపక్కల సంతలన్నిటికీ పాకింది. మూడోరోజున శంకరరావు వచ్చి, "మా అప్పేదీ?" అని అడిగాక గాని ఆయన నవ్వు ఆగలేదు. అప్పుడు పరుగెత్తాడు. ఠాణాలో నిజం చెప్పబోతే అక్కడి బాబు, "ముందు పులి కథ చెప్పు" అన్నాడు. ఎనిమిది రోజులు కూర్చోబెట్టారు. లాంతర్లు పట్టుకుని సొరంగాలు వెతికారు. శవం లేదు, చీర పేలిక లేదు. కేసు తేలనూ లేదు, మూసినట్టు ఎవరూ చెప్పనూ లేదు.

ఆవేళ పదకొండు గంటలకు ఒక అమ్మాయి వచ్చి రవికగుడ్డా, దాంతోపాటు ఒక పాత రవికా మిషను బల్ల మీద పెట్టింది. పేరు లిప్సా అంది.

"దీని ఆదికి కుట్టియ్యి తాతా. మూడు గంటల జీపుకి నానెల్లిపోవాలి."

"ఒరియా పిల్లవి. మా ఇజీనారం తెలుగు నీకెక్కడిదే అమ్మీ?"

"మావుసి నేర్పింది. మీ తెలుగులో పిన్ని. మా ఊళ్ళో బట్టలు కుడతాది."

గున్నయ్య కొలతకోసం రవిక తిరగేశాడు. చంక కింద నలుచదరపు అతుకు ఉంది. అతుకు మూలన పచ్చదారంతో మూడు అడ్డకుట్లు.

చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

తలమీద గంప పెట్టుకుని చేతులెత్తి నడిచే ఆడవాళ్ళ రవికలు ముందు చంక దగ్గరే చిరుగుతాయి. అందుకని గున్నయ్య కనిపెట్టుకున్న కుట్టు అది. గుడ్డ ఏ రంగైనా దారం పచ్చదే. ఆ కుట్టు ఆయన నేర్పింది ఒక్కరికే. పాత గుడ్డేమో అని వేళ్ళతో నలిపి చూశాడు. కాదు. నిరుటి వానాకాలంలో సంతకి కొత్తగా దిగిన నెమళ్ళ అంచు గుడ్డ.

"ఎవులు కుట్టేరిది?"

"మావుసే. ఇప్పుడు కుట్టలేదు. కళ్ళకి పొరలొచ్చీసి సూదిలో దారం ఎక్కదు."

"సంతకి రాదేటి?"

లిప్సా నవ్వింది. "లక్ష్మీపూర్ సంతకి ఎల్తాది. దామంజోడీ ఎల్తాది. కకిరిగుమ్మ అంటే మటుకు రాదు. అక్కడొక పులుందంట. ఒకసారి మావుసిని ఎత్తుకుపోనాదంట. మీసాలుండీ పులి!"

"మరి నిన్నెలాగ పంపింది?"

"పులి కుట్టు గట్టిది, ఎల్లి కుట్టించుకో అంది."

గున్నయ్య ముందుకి వంగాడు. "మీది ఏ ఊ..." అన్నాడు. లిప్సా నోరు తెరిచింది. ఆయన చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మీ. సెప్పకు."

తన చెవిలో పడ్డదేదీ నోట్లో ఆగదని ఆయనకు తెలుసు.

గుడ్డ మడత వేశాడు. కత్తెర రెండుసార్లు దారి తప్పింది. పోలీసులకు చెప్పని ముక్క, శంకరరావుకు చెప్పని ముక్క ఒకటి మిషను చప్పుడుతోపాటు తిరుగుతోంది. సత్యవేణి వెళ్ళిపోయిన ఆ మధ్యాహ్నం ఎవరో గిరాకీ ఆవిడ, "మీకు పిల్లలెందరు?" అని అడిగింది. అప్పటికి ఆమెకు మూడు కాన్పులు కడుపులోనే పోయాయి. మూడోది పోయి నెల కూడా కాలేదు. గున్నయ్య చక్రం తిప్పుతూ, "మా ఆడది ఎక్కించుకున్న పిల్లలు ఆఖరి టేసను దాకా రారమ్మా, మజ్జిలో కకిరిగుమ్మలోనే దిగిపోతారు" అన్నాడు. అందరూ నవ్వారు. సత్యవేణి పంటితో దారం తెంపింది. చేతిలోని రవిక మడతపెట్టి, పీట పక్కన పెట్టి లేచింది.

అంతే. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడలేదు ఆయన. ముప్ఫై ఒక్క ఏళ్ళూ చూడని ఆ ముఖాన్నే తలుచుకుంటూ వచ్చాడు.

ఎదురుగా శంకరరావు దారపుండలు సర్దుకుంటున్నాడు. ఆ కుట్టు అతనికీ తెలుసు. ఠాణాలో ఆనవాళ్ళు రాయించినప్పుడు, "రవిక సంకలో పచ్చదారం, మూడు కుట్లు" అని రాయించింది అతనే. నాలుగడుగులు వేసి ఈ రవిక అతని ముందు పరిస్తే చాలు. హంతకుడనే పేరు ఈ పూటతో పోతుంది. గున్నయ్య లేచాడు కూడా. కాని ఆ తర్వాత పోలీసు జీపులు కదులుతాయి. ఊరు ఊరంతా మూగుతుంది. చూపు ఆనని మనిషిని బయటికి పిలిచి, నువ్వేనా, ఎందుకు పోయావు అని నలుగురిలో అడుగుతారు. అప్పుడామె ఆ రైలు మాట మళ్ళీ తన నోటితో చెప్పాలి.

కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఏటిరా, మిషను కింద చీమలున్నాయేటి?" శంకరరావు దగ్గరికే వచ్చేశాడు. "ఒళ్ళో దాస్తన్నావు, ఏటది?"

గున్నయ్య రవికను గుప్పిట నలిపి తొడకింద పెట్టుకున్నాడు.

"పులి తోలు."

"సిగ్గునేదు నీకు. ఇంకా పులే!" శంకరరావు పక్కకి ఉమ్మేసి వెళ్ళిపోయాడు. జీవితంలో మొదటిసారి గున్నయ్య కథ ఒకటి సత్యవేణికి పనికొచ్చింది.

రెండున్నరకల్లా కొత్త రవిక తయారైంది. చంకలో మూడు పచ్చకుట్లు చేత్తో వేశాడు. రెండు రవికలూ మడిచి లిప్సా చేతికిచ్చాడు.

"మీ మావుసికి ఓ మాట సెప్పమ్మీ. పులికి పళ్ళూడిపోనాయి. మీసాలూ రాలిపోనాయి. వచ్చీ వారంనుంచి సంతలో ఉండదు. గుండీలమ్మీ తమ్ముడుంటాడు గాని పులుండదు. భయం నేకుండా రమ్మను."

"పులెక్కడికెల్తాది తాతా?"

"దానికీ ఇల్లుంటాది కదా."

లిప్సా నవ్వుకుంటూ జీపెక్కింది. దుమ్ము లేచింది, అణిగింది.

ఎన్నడూ లేనిది ఎండ ఉండగానే గున్నయ్య మిషను బుల్లి కొట్టులో దించాడు. "దీన్ని ఎవులికైనా ఇచ్చియ్యే" అన్నాడు బుల్లితో. తర్వాత గుండీల గోనెపట్టా ముందు నిలబడ్డాడు.

"శంకరం, మీ అప్ప బతికే ఉంది."

"మళ్ళీ కతా?"

"కతే అనుకో. నానొక పాపిష్టి మాట అన్నాను, అందుకెల్లిపోనాది. ఆ మాటేటో నన్నడక్కు. నువ్వు మటుకు సంత మానకు. ఆ పీట మీద ఎవులైనా కూకుంటే లెగమనకు. ముందు మొగం సూడు."

శంకరరావు తిట్టడానికి నోరు తెరిచి, ఆయన కళ్ళలోకి చూసి, చేతిలోని గుండీల డబ్బా కింద పెట్టేశాడు.

గున్నయ్య స్టేషనువైపు కుంటుతూ సగం దూరం వెళ్ళాక వెనకనుంచి కేక వినబడింది. ఆ గొంతు తనను ఆ పిలుపు పిలిచి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది.

"పీట మర్సిపోనావు, బావా!"

ఆయన ఆగలేదు.

ఖాళీ అయిన చోట, ఎండలో, ముక్కాలిపీట ఒక్కటే ఉంది. దాని పేలికల మెత్తలో, చూపు ఆనని వాళ్ళకు కూడా తడిమితే చేతికి తగిలేట్టు, కాలరు కిందినుంచి తీసిన సూది ఒకటి గుచ్చి ఉంది, పచ్చదారం ఎక్కించి.