తెల్లపట్టీ టైర్లు

మా ఆయన హార్లన్‌కి దేవుడి మీద నమ్మకం అంతంత మాత్రమే. నైలాన్ టైర్ల మీద మాత్రం చెక్కుచెదరని నమ్మకం. యాభై ఏడు మోడల్ బ్యూక్ కారుకి పాతరకం నైలాన్ టైర్లే వెయ్యాలి, అవీ వెడల్పాటి తెల్లపట్టీ ఉన్నవే కావాలి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రిమ్ములకే బిగించాలి. పాత కారుకి ఈ కాలపు రేడియల్ టైర్లు వేసినవాడు ఎదురైతే ఆయనా, ఆయన స్నేహితుడు ఆర్విలూ మొహం తిప్పుకునేవాళ్లు. ఇద్దరూ మా ఫ్లింట్ ఊళ్లో బ్యూక్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్లే. కుర్రతనంలో ఆ మోడల్‌కి తలుపులు బిగించింది మేమేనని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకునేవాళ్లు. ఆ తలుపుల సంగతి విననివాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు.

నైలాన్ టైర్లకి ఒక గుణం ఉంది. చలికాలమంతా షెడ్డులో కదలకుండా ఉంచితే నేలకి ఆనినచోట చదునైపోతాయి. వసంతంలో బయటికి తీస్తే, టైర్లు వేడెక్కేదాకా బండి దబదబ కొట్టుకుంటూ పోతుంది. నా నడుం కదిలిపోయేది. ఆయన మాత్రం చెవులు రిక్కించి, "చూశావా, నిద్ర లేస్తోంది," అని మురిసిపోయేవాడు. ఏటా అదే మాట. మంచు కాలం అయిపోయిందని మా ఇంట్లో తెలిసేది ఆ చప్పుడుతోనే.

ఇంకో గుణం కూడా ఉంది, నాకు పడనిది. రోడ్డు మీద గాడి కనబడితే చాలు, దాని వెంటే పోతాయవి. ఒకసారి రైలు పట్టాల దగ్గర స్టీరింగు నా చేతుల్లోంచి గుంజుకుని బండి పాలవ్యాను మీదికి పోబోయింది. ఆ రోజే దానికో దణ్ణం పెట్టి దిగాను, మళ్లీ నడపలేదు. రేడియల్ వేయించమని ఎంత పోరానో లెక్కలేదు. "నీకోసం బండి చేత మతం మార్పించమంటావా?" అని నవ్వేసేవాడు.

ఆకులు రాలే రోజుల్లో డాక్టరు మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఊపిరితిత్తుల్లో ఉన్నది మందులకి లొంగేది కాదని చెప్పింది. వసంతం దాకా కూడా అనుమానమేనంది. హార్లన్ టోపీ పెట్టుకుని, ఆవిడకి థాంక్స్ చెప్పి, దారిలో ఆగి డోనట్లు కొన్నాడు. ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. నేను కదిపితే టీవీ శబ్దం పెంచేవాడు. నేను స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఒక్కదాన్నే ఏడ్చేదాన్ని. పోతున్నానని ఒక్కసారి నాతో అంటే చాలు, ఇద్దరం కలిసి ఏడుస్తాం, అంతకుమించి నాకేమీ వద్దు అనుకునేదాన్ని. ఆ ఒక్కమాటా ఆయన నోట రాలేదు.

అలాంటి మనిషి ఒక ఉదయం కాఫీ తాగుతూ, టైర్లు పగుళ్లిచ్చాయి, వసంతానికి కొత్తవి వేయించాలి అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాకిలి మెట్లెక్కడానికి ఆగి ఆగి ఊపిరి తీసుకునే మనిషికి టైర్లు కావలసివచ్చాయా? ఏ వసంతానికి, ఎవరి వసంతానికి అని అరవబోయి నోరు మూసుకున్నాను.

బెర్నీ టైర్ల కొట్టుకి ఆయన్ని నా కారులోనే తీసుకెళ్లాను. ఆర్విల్ అప్పటికే మా బ్యూక్‌ని అక్కడికి తోలుకొచ్చి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టైర్లు ఎంచడమంటే అతనికి పెళ్లిచూపులంత సంబరం. బెర్నీ అడక్కుండానే నైలాన్ టైరు దొర్లించుకొచ్చాడు. హార్లన్ దాన్ని చాలాసేపు చేత్తో నిమిరాడు. తర్వాత పక్కకి నెట్టి, రేడియల్ చూపించమన్నాడు.

ఆర్విల్ మొదట హాస్యమనుకుని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి, జ్వరం గానీ తగిలిందా, ఇలా చేస్తే పాతకార్ల పోటీలో ఎన్ని మార్కులు పోతాయో తెలుసా అని అడిగాడు. హార్లన్ బెర్నీ వైపు తిరిగి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. వానలో బ్రేకు తొక్కితే ఎలా ఆగుతుంది? పట్టాలు దాటేటప్పుడు పక్కకి లాగుతుందా? చలికాలమంతా నిలబెట్టినా గుండ్రంగానే ఉంటుందా? దేనికీ దిగుల్లేదన్నాడు బెర్నీ. కాకపోతే రేడియల్ వేస్తే ఆ పాత రిమ్ములు ఉంచకూడదన్నాడు. ఆ టైరు లాగుడికి రిమ్ము కొంచెం కొంచెం వంగుతుందట, పైనున్న వీల్ కప్పు జరిగి గాలి కొట్టే గొట్టాన్ని కోసేస్తుందట. అంటే ఫ్యాక్టరీ రిమ్ములూ పోవాలి. ఆర్విల్ లేచి నిలబడ్డాడు.

హార్లన్ తొణకలేదు. తళతళలాడే రిమ్ములు, సన్నటి ఊచల రిమ్ములు అన్నీ చూసి, చివరికి గట్టి ఇనుపవి ఎంచి, వాటికి బండి రంగే వెయ్యమన్నాడు. పాత వీల్ కప్పులు వాటి మీద కూర్చుంటాయో లేదో పెట్టి చూసుకున్నాడు. టైర్లకి తెల్లపట్టీ మాత్రం ఉండి తీరాలన్నాడు.

"ఇన్నేళ్లూ రేడియల్ వాళ్లని నాచేత తిట్టించావు కదరా. ఇప్పుడెందుకురా ఇది?" అన్నాడు ఆర్విల్. అతని గొంతులో కోపం లేదు, మనసు నొచ్చుకున్నాడంతే.

హార్లన్ ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇకమీద నడిపేది నేను కాదురా. వెర్నా నడుపుతుంది."

వెర్నా అంటే నేనే. వారాల తరబడి నేను ఎదురుచూసిన మాట, ఇంట్లో నా చెయ్యి పట్టుకుని చెప్తాడనుకున్న మాట, రబ్బరు కంపు కొట్టే ఆ కొట్టులో ఆర్విల్‌తో చెప్పాడు. ఏడవాలో, తిట్టాలో తెలియలేదు. ఆర్విల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బెర్నీ ఆ టైరు మీద లేని దుమ్మంతా తుడిచాడు.

కొత్త తెల్లపట్టీ టైర్లకి పట్టీ మాసిపోకుండా నీలిపూత పూసి పంపిస్తారు. గోరువెచ్చటి సబ్బునీళ్లతో రుద్దితే పోతుంది. మా ఊరి పాతకార్ల వాళ్లకి ఒక పట్టింపు ఉంది. ఆ పూత కడగాల్సింది బండి సొంతదారే, ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. ఎన్నిసార్లు టైర్లు మారినా బకెట్టు అందించడం వరకే నా వంతు.

బండి ఇంటికొచ్చిన రోజు హార్లన్ షెడ్డులో కుర్చీ వేయించుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నేను బకెట్టు తెచ్చి ముందు పెట్టాను. ఆయన బ్రష్షు తీసి నా చేతికిచ్చాడు.

"నేను కడగను," అన్నాను. "నీ బండి ఇది. ఓపికొచ్చాక నువ్వే కడుక్కో. అందాకా నీలంగానే ఉండనీ."

"ఓపిక రాదు వెర్నా. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"తెలిస్తే ఇన్నాళ్లూ నాతో ఒక్క ముక్క ఎందుకనలేదు?"

"నీ మొహం చూస్తూ అనలేకపోయాను. అందుకే టైర్లు కొన్నాను."

నేను సిమెంటు నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు, దగ్గుతెర వచ్చి ఊపిరాడనిదాకా ఏడ్చాడు. దుప్పటి సర్ది, నీళ్లు తాగించి, అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టాను. నీలం నీళ్లు నా గౌనంతా తడిపి గుమ్మం వైపు పారాయి. అడుగునుంచి తెలుపు బయటపడింది. అదిగో అక్కడ మిగిలింది, ఇక్కడ మిగిలింది అని కుర్చీలోంచి వంకలు పెడుతూనే ఉన్నాడు. మెట్లెక్కడానికి చాలని ఊపిరి వంకలు పెట్టడానికి మాత్రం ఎక్కణ్నించి వచ్చిందో!

మంచు పూర్తిగా కరగకముందే హార్లన్ పోయాడు.

రోడ్లు ఆరాక ఆర్విల్ పక్కవీధి నుంచి తన పాత కారు వేసుకొచ్చి, బండి తీద్దాం పద అన్నాడు. నేను ముందు, నాకు కాపలాగా అతను వెనక. సీటు ముందుకి జరుపుకున్నాను. అది ఎప్పుడూ ఆయన కాళ్లకి సరిపడా ఉండేది. బండి వీధిలోకి రాగానే నా చెవులు వాటంతటవే రిక్కించుకున్నాయి. ఏ చప్పుడూ లేదు. టైర్లు చలికాలమంతా నిలబడి కూడా గుండ్రంగానే ఉన్నాయి, బెర్నీ చెప్పినట్టే. రైలు పట్టాల దగ్గర పళ్లు బిగించి స్టీరింగు పట్టుకున్నాను. బండి గీత గీసినట్టు దాటేసింది, నా చేతికి ఏమీ తెలియనే లేదు.

పట్టాలు దాటాక పక్కకి తీసి ఆపేశాను. ఆర్విల్ కంగారుగా దిగొచ్చి, లాగుతోందా అని అడిగాడు. లాగడం లేదు, చప్పుడు కూడా లేదు అన్నాను. అతనికి అర్థమైంది. కాసేపు వంగి ఆ తెల్లపట్టీల వంక చూశాడు.

"మంచి టైర్లే కొన్నాడు వాడు," అన్నాడు.

మంచివే. నా ప్రాణానికి భయం లేకుండా చూసి మరీ కొన్నాడు. దానికి ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆర్విల్ కారుకి ఇంకా నైలాన్ టైర్లే ఉన్నాయి, అవీ చలికాలమంతా షెడ్డులో నిలబడినవే. నువ్వు ముందు పద, మెల్లగా పోనియ్యి అన్నాను. అద్దాలన్నీ దించుకున్నాను. అతని టైర్లు వేడెక్కి ఆ దబదబ ఆగిపోయేదాకా వెనకే వెళ్లాను.