బూడిదతో రుద్దిన చేప

మూడు రోజుల జ్వరం దిగి కళ్లు తెరిచేసరికి గూట్లో సీసా ఉంది, అందులో చేప లేదు. కైలాసం లేచి కూర్చున్నాడు.

అరేబియా సముద్రంలో మైలు లోతు నుంచి వలలో వచ్చిన చేప అది. ఎండ ఎరుగని నీళ్లలో తన ఒంటి వెలుగుతోనే బతికేది. అలాంటిదాన్ని 1964 వేసవి దాకా ఎవరూ నమోదు చెయ్యలేదు. పన్నెండేళ్లు చేపల పరిశోధన ఓడల మీద తిరిగి అతను సంపాదించింది ఆ వేలెడు నల్లచేపే. ఊపిరితిత్తులు పాడై, వానల దాకా ఉంటే ఎక్కువని డాక్టర్లు తేల్చాక, దాని వివరాలు శాస్త్ర పత్రికకు రాసి పంపుదామని, కుళ్లకుండా మందు నీళ్ల సీసాలో పెట్టి సొంతూరు మంథనికి వెంట తెచ్చుకున్నాడు. కడుపు కింద వెలిగే చుక్కలు లెక్కపెడితే గానీ అది కొత్త జాతి అని రుజువు కాదు.

"అవ్వా, సీసల చేపేది?"

పొయ్యి దగ్గర తల్లి శంకరవ్వ తలెత్తింది. "నీళ్లన్ని కారిపోయినయ్ కొడుకా. బస్సుల పలిగినట్టుంది సీస. కుళ్లిపోతదని కోసి, ఉప్పువెట్టి, పొయ్యిమీద ఏలాడగట్టిన."

గోదావరి చేపల మీద నలభై ఏళ్లు బతికిన మనిషి. పొలుసు లేని చేపను బూడిదతో రుద్ది తోలు గీకడం ఆమె చేతులకు అలవాటైన పని.

"కడుపు కింద చుక్కలుండె గద?"

"ఉండె. తెల్లగ, పొక్కులోలె. రోగమొచ్చిందనుకున్న. మంచిగ గీకిన, ఒక్కటి ఉంచలే."

కైలాసం గోడకు ఆనుకున్నాడు. పొయ్యి మీద వేలాడుతున్న చేపనే చూశాడు.

"గట్ల జూస్తవేందిరా? తినెతందుకు కాకపోతె గింత దూరమెందుకు మోసుకొస్తివి?"

"తినేది కాదే. మందుల నానింది, ఇసం. ఎవ్వలకు వెట్టకు."

"నీ చేప నేనెవ్వలకు వెడ్తరా." ఆమె గొంతు తగ్గింది. "చెడగొట్టిన్నా?"

ఆమె గోళ్లలో ఇంకా బూడిద ఉంది. అతను చూపు తిప్పుకున్నాడు.

"కడుపుల ఏమున్నదో జూసినవా?"

"చూడకుంట కోస్తనా? చేపను తేల్చే గాలితిత్తి లేదు. గసొంటిదాన్ని ఎన్నడు కొయ్యలే. ఒక రొయ్య ఉండె, దీని తలకాయకంటె పెద్దది. ఎట్ల మింగిందో, ఆశపోతుది."

చుక్కలు లేని చేపను, చదువురాని అవ్వ సాక్ష్యాన్ని ఏ పత్రికా అచ్చువేయదని అతనికి తెలుసు. అయినా నోటుబుక్కు తెరిచాడు. శంకరవ్వ పక్కన చతికిలబడి గుర్తొచ్చినదల్లా చెప్పసాగింది: పళ్లు లోపలికి వంగిన తీరు, కడుపులోని గుడ్ల రంగు, వెన్నుముల్లు మెత్తదనం. నాలుగు వరుసలు రాసేసరికి అతని వేళ్లు పట్టు తప్పాయి. ఆమె ఆపలేదు. ఆమెకు చదవడం రాదు గనక, అతను కాగితం మీద పెన్సిలు ఊరికే కదుపుతూ కూర్చున్నాడు.