అమ్మాయి మీద కాపలా

వాష్‌బేసిన్‌లో నీళ్లు దిగడం లేదని భర్త పొద్దున్నే కేకేశాడు. కేకేసి, బ్రష్ నోట్లో ఉండగానే వంటగదిలోకి వచ్చి, గిన్నెలు తోముకునే సింకులో పుక్కిలించి వెళ్లిపోయాడు. అంటే బేసిన్ బాగుచెయ్యడం ఆమె పని, ఈ సింకు కడుక్కోవడమూ ఆమె పనే. ఆమె చేతులు పైకి మడుచుకుని, బేసిన్ కింద బకెట్ పెట్టి, పైపు వంపులో ఉండే ప్లాస్టిక్ కప్పు తిప్పి ఊడదీసింది. వెంట్రుకలూ సబ్బు జిడ్డూ ఉంటాయనుకుంది. ఉన్నాయి. వాటితో పాటు మెతుకులున్నాయి, నమిలిన కూర ముక్కలున్నాయి. గుప్పున లేచిన ఆ పులిసిన వాసన ఆమెకి కొత్తేమీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఇదే బేసిన్ పట్టుకుని నెలల తరబడి నిలబడింది.

ఆ సంగతి గుర్తురాగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఈ బేసిన్‌లో వాంతి చేసుకుంటున్నదెవరు? భర్త అయితే కాదు. ఆయనకి తుమ్మొస్తేనే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ నిలబడాలి, వాంతి అయితే వీధి వీధంతా తెలిసేది. అత్తగారి బాత్రూం వేరు. మిగిలింది పదహారేళ్ల కూతురు. ఈమధ్య కంచం ముందు నుంచి లేచీ లేవగానే బాత్రూంలోకి దూరి, కుళాయి బార్లా తిప్పేస్తున్న కూతురు. గబగబా కప్పు కడిగి బిగించేద్దామనుకుంది గానీ, అప్పటికే అత్తగారు గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీలుస్తోంది.

"వాంతి చేసుకుందా పిల్ల?"

"పాత జిడ్డు అత్తయ్యా."

"ముగ్గురిని కన్నదాన్ని, నాకు చెప్తావా? నేనూ వింటూనే ఉన్నా, కుళాయి చప్పుడు కింద ఓ చప్పుడు." ఆవిడ గొంతు తగ్గించింది. "పదహారేళ్ల పిల్ల, చాటుగా వాంతులు. నేనింకేం చెప్పను. తల్లివి, నువ్వే కనుక్కో."

సాయంత్రానికి ఆ మాట భర్త చెవిన పడింది. ఆయన సోఫాలో కూర్చుని ఫోన్లో చుట్టాల గ్రూపులో వచ్చిన మెసేజ్ పైకి చదివాడు. 'టీనేజ్ పిల్లల తల్లులూ, జాగ్రత్త!' తండ్రులకి ఆ జాగ్రత్త అక్కర్లేదు కాబోలు. అత్తరు కొడితే సిగరెట్టట. గది తలుపు వేసుకుంటే ప్రేమట. వదులు బట్టలు వేసుకుంటే ఏదో దాస్తున్నట్టట. మార్కులు బాగా వస్తున్న పిల్లలకి ఏ బాధా ఉండదట. "మన డ్రమ్ముకి మార్కులకేం తక్కువ లేదు" అన్నాడాయన. కూతురిని ముద్దుగా డ్రమ్ము అంటాడు. పిల్ల బొద్దుగా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన పేరు. "కానీ తలుపు వేసుకుంటోంది, వదులు బట్టలేసుకుంటోంది. బ్యాగు చూడు, ఫోన్ చూడు. ఏదన్నా అయితే బయట తలెత్తుకోలేం. ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావని నిన్నే అడుగుతారు."

ఆమె ఇంట్లో ఉండేది ఎప్పుడని? పొద్దున వంటచేసి, పళ్ల క్లినిక్‌కి పరిగెత్తి, రోజంతా డాక్టరమ్మ పక్కన నిలబడి ట్రేలు అందిస్తూ, పనిముట్లు మరిగిస్తూ, సాయంత్రం మళ్లీ వంటగదిలోకి వచ్చి పడే మనిషి. అయినా ఆ మాట అనలేదు. ఎందుకంటే అనుమానం అప్పటికే ఆమె లోపలా గూడు కట్టుకుంది. వేరేవాళ్లు పెట్టిన అనుమానమే అయినా, లోపలికొచ్చాక అది తన సొంతదానిలాగే ఉంది. బట్టలు ఉతకడానికి తీసినప్పుడు వాసన చూసింది. బ్యాగు దులిపింది. బాత్రూం బుట్టలో నెల నెలా పడాల్సినవి పడ్డాయో లేదో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. కూతురు నవ్వితే ఎవరి కోసం నవ్విందా అనీ, నవ్వకపోతే ఎవడు ఏడిపించాడా అనీ. సూటిగా అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం.

ఒక మధ్యాహ్నం తలనొప్పని చెప్పి క్లినిక్ నుంచి ముందే బయటపడి ట్యూషన్ సెంటర్ ఎదురుగా, బస్టాపు వెనక నిలబడింది. పిల్లలందరూ లోపలికెళ్లారు. తన కూతురు వెళ్లలేదు. గేటు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, పక్క వీధిలోకి తిరిగింది. తల్లి రోడ్డు దాటి వెనకే నడిచింది. ఇదీ సంగతి, దొరికిపోయింది అనుకుంది. అనుకోవడంలో ఒక రకమైన తృప్తి కూడా ఉంది, దానికి తనకే సిగ్గేసింది.

కూతురు పార్కులోకి వెళ్లింది. ఎండ మాడ్చేస్తోంది. బెంచీలన్నీ ఖాళీ. ఇప్పుడొస్తాడు, ఇటువైపు నుంచే వస్తాడు అని తల్లి చెట్టు చాటున నిలబడి గేటు వైపే చూసింది. ఎవరూ రాలేదు. పిల్ల బరువు బ్యాగు వీపున వేసుకునే నడవడం మొదలుపెట్టింది. పార్కు చుట్టూ, వడివడిగా, ఎవరో తరుముతున్నట్టు. ఒక చుట్టు, మరో చుట్టు. మొహం కందగడ్డలా అయిపోయింది, చొక్కా వీపుకి అంటుకుపోయింది, అయినా ఆగదు. ఒకసారి కళ్లు తిరిగి బెంచీ పట్టుకుంది, ఊపిరి తీసుకుని మళ్లీ నడిచింది. ఇంతసేపు ఎదురుచూపులా అనుకుంది తల్లి. అబ్బాయి కోసం కాక, ఆడపిల్ల ఒంటరిగా అలా తిరగడానికి ఇంకో కారణం ఆమెకి తట్టనే లేదు.

ఆ సాయంత్రం, తెలిసినవాళ్లెవరూ రాని వీధిలో మందుల షాపు వెతుక్కుని ప్రెగ్నెన్సీ కిట్ అడిగింది. షాపతను ఆమె నెరిసిన జుట్టు చూసి, పేపర్లో చుట్టి ఇస్తూ, "మీకేనా?" అన్నాడు. "నాకే" అంది. ఇంటికొచ్చి, కూతురి గదిలో మంచం మీద ఆ పొట్లం పెట్టి, పక్కనే నిలబడింది.

కూతురు విప్పి చూసింది. కోప్పడుతుందనుకుంది తల్లి, ఏడుస్తుందనుకుంది. పిల్ల మొహం మాత్రం మెల్లగా పాలిపోయింది.

"నువ్వు కూడానా అమ్మా?"

"నీ కోసమే..."

"నానమ్మ గుసగుసలు విన్నా. నాన్న నా ఫోన్ తీసి చూశాడని తెలుసు. నువ్వు మాత్రం నన్నడుగుతావనుకున్నా." కిట్ తీసుకుని బాత్రూంలోకి వెళ్లింది. కాసేపటికి వచ్చి తల్లి చేతిలో పెట్టింది. ఒకటే గీత. "చూశావుగా. వాళ్లకీ చూపించు."

తలుపు మూసుకుంది. ఆమె ఆ ప్లాస్టిక్ ముక్క పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడింది. కడుపు కాదు. మరి ఆ మెతుకులు? ఆ ఎండలో నడక? కడుపు కాదని తేలాక ఇంట్లోవాళ్ల అనుమానం తీరుతుంది. తనది తీరలేదు సరికదా, అప్పుడే అసలు మొదలైంది.

మర్నాడు పిల్ల చల్లని నీళ్లు తాగుతూ దవడ పట్టుకోవడం చూసింది. కొన్నాళ్లుగా పళ్లు జివ్వుమంటున్నాయట. ఇద్దరూ క్లినిక్‌కి వెళ్లారు. రోజూ తాను తుడిచే కుర్చీలో కూతురు పడుకుంది. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి పై పళ్ల వెనక వైపు చూసింది. మళ్లీ చూసింది. ఆ రెండోసారి చూడటం ఏమిటో అన్నేళ్లుగా పక్కన నిలబడ్డ మనిషికి తెలుసు. ఏదో ఉంది.

"మీరు కాసేపు బయట ఉండండి" అంది డాక్టరమ్మ.

ఆ గదిలోంచి ఆమెని బయటికి పంపడం అదే మొదటిసారి. తలుపుకి చెవి ఆనించాలనిపించింది. ఏం చెప్తోంది పిల్ల? నా గురించి చెప్తోందా? చివరికి తలుపు తెరుచుకుంది. కూతురి కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, ఎన్నాళ్లుగానో బిగుసుకున్న భుజాలు సడలి ఉన్నాయి.

"మీకు చెప్పమంది కాబట్టి చెప్తున్నా" అంది డాక్టరమ్మ. "లావైపోతానన్న భయంతో తిన్నది కావాలని కక్కేస్తోంది, కరిగించడానికి ఎండలో నడుస్తోంది. ఏడాదిగా. ఆ పులుపుకి పై పళ్ల వెనక ఎనామిల్ కరిగిపోయింది."

"కానీ మేడమ్, పిల్ల సన్నగా లేదు కదా. తిండి మానేసేవాళ్లు పుల్లల్లా ఉంటారుగా?"

"అందరూ అలా ఉండరు. చాలామంది బరువు మామూలుగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇది మొండితనమూ కాదు, ఫ్యాషనూ కాదు. జబ్బు. ఒంట్లో లవణాలు పడిపోతే గుండె మీదికి వస్తుంది. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపరీక్షలు చేయించాలి, మనసు డాక్టరుకీ చూపించాలి. ఈలోపు తిన్నాక ఒక గంట పక్కన కూర్చోండి. కాపలాకి కాదు, తోడుకి."

"మీరెలా చెప్పించారు మేడమ్?"

"అడిగాను, అంతే. అడగ్గానే చెప్పేసింది. ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నట్టుంది."

దారిలో కూతురు ఒక్కటే మాట అంది. "డ్రమ్ము అని పిలిచినప్పుడల్లా మీరందరూ నవ్వేవాళ్లు." ఆమె కాదనలేదు. తనూ నవ్వింది మరి.

ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. భర్త ఆసాంతం విని, సోఫాలో వెనక్కి వాలాడు.

"హమ్మయ్య! తిండి గోలేనా? చంపావు. నేనింకా ఏమో అనుకున్నా."

"నేననలేదూ, మన పిల్ల అలాంటిది కాదని" అంది అత్తగారు, కళ్లు మూసుకుని చెయ్యి గుండెల మీద పెట్టుకుంటూ. "రెండు తగిలిస్తే అదే తింటుంది."

ఆమె ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. ఇద్దరిలోనూ నిజమైన సంతోషం. పిల్ల గుండె ఆగిపోవచ్చని ఇప్పుడే చెప్పింది, వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. గది తలుపు దగ్గర కూతురు నిలబడి అంతా వింది.

"రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం. నేను సెలవు పెట్టాను" అందామె. "డ్రమ్ము అన్న మాట ఇంక ఈ ఇంట్లో వినపడకూడదు."

"సరదాకి అన్నదానికి..."

"మీకు సరదా."

ఆయన భార్య మొహం చూసి టీవీ పెట్టుకున్నాడు.

రాత్రి భోజనాల్లో పిల్ల నాలుగు ముద్దలు తింది. తిని లేచి, బాత్రూం వైపు చూసి, తల్లి వైపు చూసింది. ఇద్దరూ గదిలోకి వెళ్లి మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. కూతురి అరికాళ్లు నేలమీద టకటకా కొట్టుకుంటున్నాయి, చేతులు దుప్పటిని నలిపేస్తున్నాయి. ఆమె ఒక చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"నువ్వు తిన్నావా అమ్మా?" ఉన్నట్టుండి అడిగింది పిల్ల.

తిన్నాను అన్న మాట నోటిదాకా వచ్చేసింది. ఇన్నేళ్లూ ఎవరడిగినా అదే జవాబు. గిన్నె అడుగున మిగిలితే తిన్నట్టు, మిగలకపోతే ఆకలి లేనట్టు. ఇదే అబద్ధం ఏడాదిగా కూతురు తనకి చెప్తోంది, అచ్చం ఇదే గొంతుతో.

"లేదు" అంది.

లేచి వెళ్లి, రేపటి క్యారేజీకని పక్కన పెట్టిన కూరంతా కంచంలో వంచుకుని, అన్నం పెట్టుకుని వచ్చి, కూతురి ఎదురుగా మంచం మీదే కాళ్లు మడుచుకుని కూర్చుంది. ముద్ద కలుపుతుంటే హాల్లోంచి కేక వినిపించింది.

"గిన్నెలన్నీ అలాగే ఉన్నాయేం? లోపల ఏం చేస్తున్నావు?"

"తింటున్నాను" అందామె, టీవీ చప్పుడుని మించి వినపడేలా.