తలుపు వెనక అత్తగారు

ఏరా కొత్త తండ్రీ, ఇలా రా. చొక్కా తిరగేసి తొడుక్కున్నావు, చూసుకున్నావా? లేదులే, సరిగ్గానే ఉంది. చూసుకున్నావుగా! పిల్ల పుట్టాక మగాడెవడైనా ఇంతే. బయటివాడు ఏం చెప్పినా నమ్ముతాడు, ఇంట్లోవాళ్ళని మాత్రం నమ్మడు. కూర్చో, మా తాళంకప్ప సంగతి చెప్తా.

వాడు తాళాలు బాగుచేస్తాడు, నోరు విప్పడు, అందుకని ఆ పేరు. సన్నటి మనిషి, వంగిన వీపు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లటి నూనె. మూసిన తలుపు కనిపిస్తే చాలు, వెనక ఏదో జరుగుతోందని వాడికి అనుమానం.

ఓ పొద్దున ఎప్పట్లాగే అరటిపండు మెదిపి కూతురికి పెడుతున్నాడు. సగం దాని నోట్లోకి, సగం వీడి కనుబొమల మీదికి. దానికి పదో నెల, అందరూ బుడంకాయ అంటారు. మంచం పట్టుకుని నిలబడుతుంది, పడుతుంది, పడ్డందుకు లేచి మంచాన్నే కొడుతుంది. వీడి పెళ్ళాం రొట్టెల ఫ్యాక్టరీకి చీకట్నే పోతుంది, మధ్యాహ్నానికి వస్తుంది. ఈలోపు వీడు పిల్లకి తినిపించి, మూతి తుడిచి, గుడ్డలు ఉతికి ఆరేసి, దాన్ని అత్తగారికి అప్పజెప్పి దుకాణానికి పోవాలి.

అత్తగారు పురిటి రోజుల్నుంచీ ఇక్కడే. మంచి మనిషే. కానీ ఈమధ్య ఆవిడ వరస మారింది. వీడు చెప్పుల్లో కాలు పెట్టకముందే ఇంకా బయల్దేరలేదా బాబూ అని తొందరపెడుతుంది. వీడు గుమ్మం దాటగానే లోపల గడియ పడుతుంది. మెట్లు దిగుతుంటే పిల్ల ఏడుపు వినపడుతుంది. వినపడి, స్విచ్చి నొక్కినట్టు ఆగిపోతుంది.

పసిపిల్ల ఏడుపు అలా ఆగదు, నీకిప్పుడు తెలుసుగా. ఎక్కిళ్ళు పెడుతుంది, రాగం తీస్తుంది, మళ్ళీ మొదలెడుతుంది. ఠక్కున ఆగిందంటే ఎవరో ఆపారన్నమాట. నిద్రమందు పోస్తోందా? నోరు నొక్కుతోందా? వీడు పిల్ల నోరు వాసన చూశాడు, అరటిపండు. అలమారలో సీసాలన్నీ మూతలు తీసి చూశాడు. పెళ్ళాంతో అన్నాడు. మా అమ్మ నలుగుర్ని పెంచింది, నీ అనుమానాలు నీ దుకాణంలో పెట్టుకో అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

పైగా ఇంకోటి. మాసిన బట్టల బుట్టలో వేసిన వీడి చొక్కా అత్తగారి మంచం కింద దొరికింది. కాలరంతా తడి.

ఆ పొద్దున వీడు మెట్లు దిగి, గేటు గట్టిగా చప్పుడయ్యేలా వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా పైకొచ్చాడు. ఆ తలుపుకి తాళం బిగించింది వీడే. ఆ కన్నంలోనే కన్ను పెట్టాడు. నవ్వకు, నువ్వైనా పెడతావు.

లోపల బుడంకాయ గది మధ్యలో ఒక్కతే కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది. అత్తగారు ఎత్తుకోలేదు. అలమార పక్కన గోడకి అతుక్కుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడుంది, కళ్ళ వెంట నీళ్ళు. పిల్ల అటు చూసింది, ఇటు చూసింది. ఒళ్ళో ఉన్న నాన్న మాసిన చొక్కా లాక్కుని, మొహానికి రుద్దుకుని, కాలరు నోట్లో పెట్టుకుంది. ఏడుపు ఆగిపోయింది.

వీడు తలుపు కొట్టాడు. సొంత ఇంటి తలుపు ఎప్పుడూ కొట్టి ఎరగడు. ఆవిడ గడియ తీసి, వీడి చేతిలో చెప్పులు చూసి, అంతా అర్థం చేసుకుంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"మాన్పిస్తున్నాను బాబూ."

"దేన్ని?"

"నన్ను."

చిన్నకూతురికి నెలలు నిండాయి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతానంది. ఉన్నట్టుండి నేను కనపడకపోతే ఇది బెంగ పెట్టుకుంటుంది, అందుకని రోజూ కాస్తకాస్త దాక్కుంటున్నాను, మీ వాసన తగిలితే ఊరుకుంటోంది అంది. మీ ఆవిడకి తెలుసు, మీకే చెప్పలేదు.

"మీరు నోరు విప్పరు గానీ మొహం దాచలేరు. మీ మొహం చూసి అది పసిగడుతుంది."

వీడు ఆ పూట దుకాణానికి పోలేదు. అవతల ఎవరో తాళంచెవి పోగొట్టుకుని బయటే నిలబడ్డారట, నిలబడనీ. మధ్యాహ్నం పెళ్ళాం వచ్చి, చేతులు కడుక్కుని, పిల్లని చొక్కాతో సహా నేల మీద కూర్చోబెట్టింది. అత్తగారు ముద్దు పెట్టుకోలేదు, వెనక్కి తిరగలేదు. సంచీ, గొడుగు తీసుకుని బయటికెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

బుడంకాయ తలుపు వంక చూసింది. "బా" అంది. మళ్ళీ కాలరు నమలడంలో పడింది.

వీడు ఆనందం పట్టలేకపోయాడు. ఆవిడకి చెప్పాలని రెండేసి మెట్లు దిగి పరిగెత్తాడు. వీధి దాకా పోనక్కర్లేకపోయింది. ఆవిడ కింది మెట్టు మీదే కూర్చునుంది, తల పైకెత్తి, చెవి వీడి ఇంటి తలుపు వైపు పెట్టి. వీడు పొద్దున ఎలా నక్కాడో అచ్చం అలాగే.

"ఏడవలేదు అత్తయ్యా."

"కొంచెం కూడానా?"

"అస్సలు లేదు."

"మంచిదే" అంది. ఇంకోసారి "మంచిదే" అని కొంగుతో మొహం తుడుచుకుని, సంచీ భుజానికి తగిలించుకుని గబగబా సందు మలుపు తిరిగిపోయింది.

పసిదాన్ని రోజూ ఏమార్చిన మనిషి చివరికి ఎవర్ని ఏమార్చుకుందో నువ్వే చెప్పు. బయట ఎండ చూస్తే పెనంలా కాలుతోంది, ఆవిడ గొడుగేమో మెట్టు పక్కన గోడకి ఆనుకునే ఉంది.