చింతపండుతో తోమిన రాగిరేకు

తాండూరు బయట, సిమెంటు ఫ్యాక్టరీ గోడ పక్కన మాదొక షెడ్డు. ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టి, రాగిరేకు మీద కరెంటు పెట్టి, ప్లాస్టిక్ తయారీకి పనికొచ్చే ఎథిలీన్‌గా మార్చడం మా పని. మా పని అంటే నిరోషా పని. బంట్వారం పిల్ల, మహా మొండిది. నేను మీటర్లు చూసేవాణ్ణి, అంతే.

ఆ రేకును ఆమె కాల్చి నల్లగా చేస్తుంది. కరెంటు తగలగానే ఆ నలుపు గరుకు రాగిగా మారుతుంది. ఎథిలీన్ పుట్టేది ఆ గరుకు మీదే. ఆ రోజు హైదరాబాదు నుంచి, షెడ్డుకు డబ్బిచ్చే పద్మారాణి మేడం చూడటానికి వస్తోంది. ఎథిలీన్ కనబడితే షెడ్డు ఉంటుంది, లేకపోతే మూతే.

పొద్దున్నే రేకు దాచిన పెట్టె తెరిచి నిరోషా కూలబడిపోయింది. రేకు పండగనాటి చెంబులా ధగధగలాడుతోంది.

"నేనే తోమిన," అన్నాడు మేనేజరు జనార్దన్ సార్, మీసం దువ్వుకుంటూ. "చింతపండు, ఉప్పు. పెద్దోళ్లొస్తుంటే గంత నల్లగ ఎట్ల పెడ్తం? ఇజ్జత్ పోదా?"

"నా పనే పాయె సార్," అని ఏడ్చేసింది. నాకు ఒళ్లు మండింది. నిలువునా కొంప ముంచి, పైగా టీ అడుగుతున్నాడాయన.

బయట కారు ఆగింది. నిరోషా మొహం కడుక్కొచ్చి ఆ మెరిసే రేకునే యంత్రంలో బిగించింది.

"పాగల్ అయినవా?" అన్నాను. వినిపించుకోలేదు.

కరెంటు పెడితే మీటరులో అంతా మాకు పనికిరాని హైడ్రోజనే. ఎథిలీన్ గీత నేలకు కరుచుకుంది. మేడం నొసలు ముడిచింది.

"గిది తోమిన రేకు మేడం. జర ఆగుండ్రి," అంటూ నిరోషా దాన్ని కడిగి, పటకారుతో టీ కాచే స్టవ్ మంట మీద పట్టింది.

"అయ్యో, మల్ల నల్లగైతది బిడ్డా!" అని మొత్తుకున్నాడు జనార్దన్ సార్.

అయింది. మళ్లీ బిగించింది. కరెంటు పెట్టింది. గీత లేచింది. చిన్నదే, కానీ లేచింది.

"పోయినసారి ఒట్టి నల్లరేకే చూపించావు. ఆ నలుపులోనే ఉందంతా అంటే నేను నమ్మలేదు," అంది మేడం. "ఇప్పుడు నమ్ముతున్నాను. పని ఆపకు."

కారు వెళ్లగానే జనార్దన్ సార్ ఛాతీ విరుచుకున్నాడు. "చూసిన్రా? నేను తోమకుంటే ఏమైతుండె?"

నిజమే. అదే నాకు మంట. నిరోషా మాత్రం పకపకా నవ్వి, రేకును పెట్టెలో పెట్టి తాళం వేసింది. అల్మరాలో మిగిలిన చింతపండు ముద్ద తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంటికి తీస్కపోండ్రి సార్. పప్పుచారుకైతది."