తుడిచే గుడ్డ

మా ఇంట్లో నా మాట వినేది గరాజ్ తలుపు ఒక్కటే. వీధి మలుపులో ఉండగా బటన్ నొక్కితే చాలు, ఎందుకు, ఏమిటి అని అడగకుండా లేస్తుంది. మిగతావాళ్లెవరూ అలా విన్న పాపాన పోలేదు. అందుకే నాకు మిషన్లంటే మొదటినుంచీ ఇష్టం. పొద్దున నేను లేచేలోపే తనంతట తాను కాఫీ కాచే యంత్రం, వంటింట్లో కూర్చుని మీట నొక్కితే బయట మంచులో వేడెక్కే కారు, పొద్దున వేసిన మాంసాన్ని సాయంత్రానికి మెత్తగా ఉడికించే కుండ, అన్నీ నేను తెచ్చినవే. ముప్ఫై రెండేళ్లు విస్కాన్సిన్ చలిలో కౌంటీ వాళ్ల మంచు తోసే లారీ తోలినవాడికి ఆ మాత్రం సుఖం ఉండాలంటాను. ఆర్డిస్ ఏమీ అనదు. ఆర్డిస్ నా భార్య.

గిన్నెలు కడిగే మిషన్ కూడా నేనే తెచ్చాను. మా ముప్ఫై అయిదో పెళ్లిరోజుకి. కుండలూ మూకుళ్లూ పెట్టుకునే అలమర పీకించి, సరిగ్గా కొలిపించి, ఆమె చర్చినుంచి వచ్చేసరికి బిగించి, పైన ఎర్ర రిబ్బన్ కూడా అంటించాను. ఆర్డిస్ కోటు విప్పకుండానే దానివంక కాసేపు చూసింది.

"కొత్తగా ఉందే" అంది.

మా వైపు వండినది నచ్చకపోయినా, కోడలు నచ్చకపోయినా, పాస్టరు గారి ప్రసంగం నచ్చకపోయినా ఆ మాటే అంటారు. ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియంది కాదు. కానీ బహుమతి ఇచ్చినవాడికి చెవులు పనిచెయ్యవు. సంతోషించింది కాబోలనుకున్నాను.

అంతకు ముందు ముప్ఫై అయిదేళ్లూ కడిగేది ఆమె, తుడిచేది నేను. సాయంత్రం అయిదున్నరకి భోజనం, ఆరుకి సింకు దగ్గర. ఆమె ఎడమవైపు, నేను కుడివైపు, ఎదురుగా కిటికీ, కిటికీ అవతల పక్కింటివాళ్ల కొట్టం. పిల్లలున్న రోజుల్లో అరగంట పట్టేది ఆ పని. మా మనుషులకి ఎదురెదురుగా కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం చేతకాదు. మగాళ్లయితే కారు బోనెట్ ఎత్తి ఇంజిన్‌కి చెప్పుకుంటారు. లేదంటే గడ్డకట్టిన నదికి కన్నం పెట్టి, గాలం వేసి, ఆ కన్నానికి చెప్పుకుంటారు. పక్కనున్నవాడు వింటాడు. మా ఇంట్లో ఆ కన్నం సింకే. మా అమ్మాయి బ్రిట్టా కడుపులో పడ్డ సంగతి ఆర్డిస్ నాకు ఒక సాస్‌పాన్ తోముతూ చెప్పింది. బడి వంటగది ఉద్యోగం ఇక చేయలేనని చెప్పింది కూడా అక్కడే. నా లారీ గోతిలోకి ఒరిగి నాలుగు గంటలు మంచులో ఉండిపోయిన రోజు, చచ్చిపోతానని భయపడ్డానని నేను ఒప్పుకున్నదీ అక్కడే, ఒక గాజు గ్లాసుని అవసరానికి మించి తుడుస్తూ. ఆమె ఇంకో గ్లాసు అందించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మిషన్ వచ్చాక ఆ కాస్త సమయమూ మిగిలింది. మిగిలినదాన్ని ఏం చేశామంటే, నేను టీవీ ముందుకి తీసుకుపోయాను. ఆమె బటన్ నొక్కి, ఫోన్ పట్టుకుని తన కుర్చీలో కూర్చునేది. వంటింట్లోంచి ఒక్కోసారి ఏదో అంటే మిషన్ హోరులో సగం వినబడేది, నేను ఊఁ అనేవాణ్ణి. చెవిటివాడి ముందు శంఖం ఎన్నాళ్లని ఊదుతుంది, కొన్నాళ్లకి మానేసింది. ఏడాదిన్నర ఇలా గడిచింది. ఇంట్లో గొడవల్లేవు, ఎంత ప్రశాంతంగా ఉందో అని నేను కెంట్‌తో ఫోన్లో చెప్పాను కూడా. కెంట్ మా అబ్బాయి.

ఈ ఫిబ్రవరిలో మా చర్చివాళ్లలో ఒక ముసలి టీచరమ్మ పోయింది. అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టడం, ఆ గిన్నెలన్నీ చేత్తో కడగడం ఆడవాళ్ల వంతు. మిషన్ కొనిస్తానని ఒకాయన ముందుకొచ్చినా చర్చి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. అప్పట్లో నేను వాళ్ల మొండితనానికి నవ్వాను. ఆరోజు ఆర్డిస్‌ని తీసుకురావడానికి వెళ్లి, వేడెక్కిన సీట్లో కూర్చుని, వచ్చానని మెసేజ్ పెట్టాను. పక్క సీట్లోంచి టింగుమంది. తన ఫోన్ కార్లోనే మరిచిపోయింది. విధిలేక దిగి లోపలికి నడిచాను.

కింది గదిలో కుర్చీలు మడిచేశారు. వంటగదిలోంచి వడ్డించే కిటికీ తలుపు సగం దించి ఉంది. దాని కిందినుంచి మనుషుల నడుములూ చేతులే కనిపిస్తున్నాయి, మొహాలు కాదు. సబ్బునీళ్లలో ఆర్డిస్ చేతులు గుర్తుపట్టాను. ఆమె కుడిపక్కన, నేను నిలబడవలసిన చోట, ఎవరో మగాడు గుడ్డ పట్టుకుని ప్లేట్లు తుడుస్తున్నాడు. కాస్త వంగి చూస్తే లైల్ బ్రాండ్‌వోల్డ్. పెళ్లాం పోయి రెండేళ్లయింది, అప్పటినుంచీ చర్చిలో ఏ పనున్నా ముందుంటాడు. ముందు నాకు ఒళ్లు మండింది. తర్వాత మాటలు వినబడ్డాయి.

"పందొమ్మిదో తారీఖు, గురువారం" అంటోంది ఆర్డిస్. "రొమ్ములో గడ్డ చిన్నదేనంటున్నారు. తీశాక గానీ ఏమిటో చెప్పలేరట."

"ఓరిన్ ఏమన్నాడు?" అన్నాడు లైల్. ఓరిన్ అంటే నేనే.

నీళ్ల చప్పుడు కాసేపు ఆగింది.

"తనకి చెప్పలేదు."

"అదేమిటి ఆర్డిస్."

"ఎప్పుడు చెప్పను? తినగానే టీవీ దగ్గరికి పోతాడు. కూర్చోబెట్టి మొహంలోకి చూస్తూ చెప్పాలంటే నా వల్ల కాదు లైల్. నీకు చెప్పినంత తేలిగ్గా అక్కడ నోరు రావడంలేదు. ఇదిగో, ఈ ప్లేటుకి ఇంకా నూనె ఉంది, ఇలా ఇయ్యి."

నేను చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కి వచ్చేశాను. లోపలికి వెళ్లి ఆ గుడ్డ లాక్కుని ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. లాక్కోలేదు. కార్లో కూర్చుని ఫోన్ తీశాను. ఇంటిల్లిపాదికీ ఒకటే క్యాలెండరు ఉండాలని బ్రిట్టా మా ఫోన్లలో పెట్టిపోయింది, ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. పందొమ్మిదో తారీఖున ఊదారంగులో "అమ్మ, బ్రిట్టా" అని ఉంది. మూడు వారాలనుంచీ ఉంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, తల్లీకూతుళ్లు బట్టలు కొనడానికి పోతున్నారనుకున్నాను.

ఆర్డిస్ వచ్చి కారెక్కింది.

"చాలాసేపైందా?" అంది.

"ఇప్పుడే వచ్చాను" అన్నాను.

విన్నానని ఆ క్షణంలోనే చెప్పేస్తే పోయేది. కానీ నాకు రోషం వచ్చింది. ముప్ఫై ఆరేళ్ల కాపురం నాతో చేసి, ఆ మాట లైల్ బ్రాండ్‌వోల్డ్‌కి ముందు చెబుతుందా? నాకు ఆమె నోటితోనే చెప్పాలి. పంతంతో పాటు భయం కూడా ఉంది, అది ఒప్పుకోవడానికి పంతం అడ్డొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు నేను నేలమాళిగలోకి దిగి, మిషన్‌కి కరెంటు వెళ్లే స్విచ్ ఆపేశాను. భోజనమయ్యాక ఆమె బటన్ నొక్కితే మిషన్ కదల్లేదు. పాడైనట్టుందే అన్నాను. సొరుగులోంచి గుడ్డ తీసి కుడివైపు వెళ్లి నిలబడ్డాను. ఆమె సింకులో నీళ్లు పట్టింది. నా గుండె పెళ్లినాడు చర్చిలో కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

అంత్యక్రియల్లో పంది మాంసం ఉప్పగా ఉందని చెప్పింది. లైల్‌కి మోకాళ్ల నొప్పులట. శనివారం మళ్లీ మంచు పడుతుందట. ఊఁ అంటున్నాను, ఎదురుచూస్తున్నాను. ఇద్దరు మనుషుల గిన్నెలు ఎంతసేపు వస్తాయి? రెండు ప్లేట్లు, రెండు ఫోర్కులు, ఒక పెనం. అయిదు నిమిషాల్లో అయిపోయాయి. ఆమె నీళ్ల బిరడా పీకబోతుంటే నేను అలమరలోంచి నాలుగు గిన్నెలు తీసి సింకు పక్కన పెట్టాను.

"అవి కడిగినవేగా" అంది.

"దుమ్ము పట్టాయి."

ఒకటి కడిగింది, రెండోది కడిగింది. కిటికీలోంచి కొట్టం వైపు చూసి ఏదో అనబోయినట్టే అనిపించింది. చెయ్యి తుడుచుకుంది.

"ఆ మిషన్ మనిషికి ఫోన్ చేస్తాను. గ్యారంటీ ఉందిగా" అని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. నేను మిగతా రెండు గిన్నెలూ ఎక్కడివక్కడ సర్దాను.

సోమవారం ఆ మనిషి వచ్చాడు. మిషన్ కిందికి వంగి చూసి, నేలమాళిగలోకి దిగి, రెండు నిమిషాల్లో పైకొచ్చాడు. మిషన్ బాగానే ఉందని, కింద ఎవరో స్విచ్ ఆపారని, ఆ స్విచ్ పక్కనే గిన్నెల మిషన్ అని రాసి ఉందని చెప్పి నావంక చూశాడు. ఆర్డిస్ కూడా చూసింది. అతను వెళ్లేదాకా ఆగింది. ఎందుకు ఆపావు అని అడిగితే చెప్పేద్దామనుకున్నాను. అడిగే మనిషి కాదని తెలిసీ అలా అనుకున్నాను.

"కొత్తగా ఉందే" అంది ఆర్డిస్.

అంతే. మంగళవారం పోయింది. బుధవారం సాయంత్రం ప్లేట్లు మిషన్‌లో సర్దుతూ, నావైపు తిరక్కుండానే చెప్పింది.

"రేపు నేనూ బ్రిట్టా ఆసుపత్రికి వెళుతున్నాం. చిన్న ఆపరేషన్. ఎల్లుండికి వచ్చేస్తాను."

"నేనూ వస్తాను" అన్నాను.

"ఎందుకులే. అక్కడ కుర్చీలు బాగుండవు, నీ నడుం సంగతి తెలుసుగా. బ్రిట్టా సెలవు కూడా పెట్టేసింది. నీకు మాంసమూ బంగాళాదుంపలూ వేసి హాట్‌డిష్ చేసి ఫ్రీజర్లో పెట్టాను, ఓవెన్‌లో మూడువందల యాభై డిగ్రీల్లో గంటసేపు పెట్టు. తిన్నాక ప్లేటు ఇందులో పడెయ్. ఒక్క ప్లేటుకోసం తిప్పకు, నేనొచ్చాక తిప్పుతాను."

చిన్న ఆపరేషన్ అంటే ఏమిటని నేను అడగాలి. ఏ భర్తయినా అడుగుతాడు. నాకు ముందే తెలుసు కాబట్టి అడగడానికి నోరు రాలేదు. అడగకపోయేసరికి ఆమెకి ఏమనిపించి ఉంటుందో తర్వాత తట్టింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అనుకుని ఉంటుంది. రెండు క్షణాలు మిషన్ తలుపు పట్టుకుని నిలబడింది. నేను సరే అన్నాను. ఆమె తలుపు మూసి బటన్ నొక్కింది, ఇక ఏం మాట్లాడినా వినబడదు.

గురువారం పొద్దున ఆరింటికి బ్రిట్టా వచ్చింది. వాళ్లు ఎక్కేముందు వంటింట్లోంచి మీట నొక్కి నా కారు వేడి చేశాను, బ్రిట్టాది పాత కారు, చలేస్తుంది, ఇందులో వెళ్లండని. ఆర్డిస్ సీటుమీద చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉందంది. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆరోజు నేను చెయ్యగలిగింది అంతే. గరాజ్ తలుపు బటన్ నొక్కగానే దిగింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ టింగుమంది. బ్రిట్టా ఇంటివాళ్లందరి ఫోన్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. అయిపోయిందట, అమ్మ నిద్రలో ఉందట, గడ్డ సంగతి వారం రోజుల్లో తెలుస్తుందట. కెంట్ వెంటనే ఎర్ర గుండె బొమ్మ పెట్టాడు. అంటే వాడికి కూడా తెలుసు. నేను కాసేపు చూసి బొటనవేలు బొమ్మ నొక్కాను. పెట్టాక దానివంక చూస్తే నామీద నాకే అసహ్యం వేసింది.

హాట్‌డిష్ మధ్యలో చల్లగానే ఉంది, గంట సరిపోలేదు. తిన్నాను. ప్లేటు మిషన్‌లో వెయ్యలేదు. సింకులో నీళ్లు పట్టి కడిగాను, కుడివైపుకి జరిగి గుడ్డ తీసుకుని తుడిచాను, మళ్లీ ఎడమవైపుకి జరిగి ఫోర్కు కడిగాను. అప్పుడు కొట్టంవైపు చూస్తూ పైకే అన్నాను, "నేను విన్నాను ఆర్డిస్, ఆరోజు చర్చిలో. నాకు చాలా భయంగా ఉంది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఫోర్కు తుడిచి సొరుగులో పెట్టాను.