మేజరు ఎవరి కుక్క

మా ఆయన మీద నాకు ఒకటే ఫిర్యాదు. ఆయన తెలివైనవారు. మామూలు మనిషై ఉంటే మా సంసారం ఇంకాస్త సుఖంగా సాగేది. పోర్టులో హెడ్ గుమస్తా. ఇబ్బందున్న ఫైలుని పక్క బల్ల మీదికి నెట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరట. ఈ మాట చెప్పిందీ ఆయనే.

ఆ తెలివితోనే ఎనభై ఒకటిలో ఒక కుక్కని తెచ్చారు. బదిలీ అయిపోతున్న ఆఫీసరొకాయన దాన్ని ఎలా వదిలించుకోవాలా అని చూస్తుంటే, ఈయన అడిగి మరీ తీసుకున్నారు. పేరు మేజరు. "మా మేజరు జాతి కుక్కండీ, వాళ్ళమ్మ అల్సేషియన్" అని సీతమ్మధారలో మా వీధి వీధంతా చెప్పుకున్నారు. తండ్రి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఎదురింటి రమణమూర్తిగారి పంచె చింపినప్పుడు కూడా "పౌరుషం ఉన్న కుక్క" అని మురిసిపోయారు. కట్టెయ్యండీ అంటే, "కట్టేస్తే దాని స్వభావం పాడవుతుందే" అని నాకే పాఠం చెప్పారు.

ఒక ఆదివారం పదింటికి, జాలరిపేట నించి వచ్చి చేపలమ్మే వరహాలమ్మ గేటు తీసుకుని, ఎప్పటిలాగే అరుగు దగ్గర తట్ట దించబోయింది. మేజరు ఎటునించి వచ్చిందో, వచ్చి పిక్క పట్టేసింది.

"ఓలమ్మో! పీకీసిందమ్మో!"

నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి చేపలన్నీ మట్టిలో ఉన్నాయి, కాలంతా రక్తం. మా ఆయన పేపరు మడిచి అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు దాన్నేమన్నావ్?"

"నానేటంటాను బాబూ? వంజరాలున్నాయన్నాను," అంది ఏడుస్తూనే.

సబ్బుతో కాలు కడిగి, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు, రోజుకొకటి అన్నాడు డాక్టరు. "పెంచే కుక్కే కదా? ఇంట్లో కట్టేసి పది రోజులు చూడండి. అది బాగుంటే మధ్యలో ఆపేద్దాం. కుక్క కనబడకపోతే మాత్రం అన్నీ పొడిపించుకోవాల్సిందే."

మొదటిది పొడిపించుకుని బయటికొచ్చి, పొట్ట పట్టుకుని నాకు చెప్పింది వరహాలమ్మ: "దాన్ని బాగా సూసుకోండమ్మా. నాకన్నా బాగా సూసుకోండి."

ఇంటికొచ్చి చూద్దును కదా, మేజరు లేదు. అది అన్నం తినే సత్తు గిన్నె కూడా లేదు. మా ఆయన తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. పక్కవీధి ప్లీడరు గంగాధరరావుగారి దగ్గరికి వెళ్ళొచ్చారట.

"కుక్క కరిస్తే బాధ్యత పెంచినవాడిదట. దానికో సెక్షనుందిట. ఆర్నెల్లు జైలు కూడా వెయ్యొచ్చుట. పెంచినవాడికి!"

"అయితే?"

"అయితే మనం పెంచలేదు. తెలిసిన లారీవాడు ఊరవతలికి వెళ్తుంటే ఎక్కించేశాను. రుషికొండ అవతల దింపేస్తాడు."

"ప్లీడరుగారే అలా చెయ్యమన్నారా?"

"ఆయన అంతదూరం ఆలోచించలేదులే."

ఒక కాగితం కూడా రాసి పెట్టుకున్నారు. 'సదరు కుక్క వీధికుక్క. భూతదయతో అప్పుడప్పుడు అన్నం పెట్టిన మాట వాస్తవము.' డాక్టరు చెప్పింది చెప్పాను. "అది మనకి పన్నిన వలేమో! కుక్కని చూపిస్తే నాదని రుజువు చేస్తారు," అన్నారు. పద్నాలుగు సూదులు పడేది ఇంకొకరి పొట్ట మీద కాబట్టి నిబ్బరంగానే ఉన్నారు.

మర్నాడు వరహాలమ్మ తమ్ముడు వీర్రాజు వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. "బాబూ, కేసూ గీసూ మాకొద్దు. మా యప్ప కూడు ముట్టట్లేదు. కుక్కని ఒక్కపాలి సూపించండి, సాలు."

"ఏ కుక్క?" అన్నారు మా ఆయన.

వీర్రాజు ఆయన వైపు చూడ్డం మానేసి నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపు చూడ్డం మానేశాను.

మంగళవారం పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే అడిగాను. "మీ బొటనవేలి మీద ఆ గాటేమిటండీ?"

"ఆదివారం పొద్దున బిస్కట్టు పెడుతుంటే మేజరు పన్ను తగిలింది. అదొక గాటా?"

"డాక్టరుగారు చెప్పారు. రక్తం వచ్చేలా పన్ను తగిలినా కరిచినట్టేట. కుక్క కనబడకపోతే పద్నాలుగూ తప్పవట."

నిజానికి డాక్టరు నాకేం చెప్పలేదు. ఆస్పత్రి గోడ మీద రాసుంటే చదివాను. గోడ చెప్పిందంటే మా ఆయన వినరు.

సగం గడ్డంతోనే జాలరిపేట వెళ్ళి వీర్రాజుని పట్టుకున్నారు. "పదవయ్యా వెతుకుదాం. పాపం, వరహాలమ్మ కోసం," అన్నారట. మూడో ఇంజెక్షను పొడిపించుకుని వరహాలమ్మా వచ్చింది. నేనూ బస్సెక్కాను. ఇంత గొప్ప జాలి మళ్ళీ చూస్తానో చూడనో!

రుషికొండ దగ్గర పల్లెలో, ఒడ్డుకి లాగిన పడవకి మేజరుని కట్టేసి ఉంచారు. దాని పక్కన గంగాలమ్మ అనే ముసలావిడ కర్ర పట్టుకుని కూర్చుంది.

"మూడ్రోజుల్నించి మా ఎండుసేపలన్నీ తినేత్తంది. ఎవురిదీ కుక్క?"

మేజరు ఈయన్ని చూసి తాడు తెంచుకునేంత పని చేసింది. ఈయన రెండడుగులు వెనక్కేశారు. "వీధికుక్కే. కాకపోతే నన్నెరుగును," అన్నారు.

"వీదికుక్కైతే మా వీదిలోనే ఉంటాది. నీకేల?"

వరహాలమ్మ ఇసకలో కూలబడి కుక్కనే చూస్తోంది. "బతికే ఉంది... తింటంది..." అని కళ్ళు తుడుచుకుంది. తరవాత మా ఆయన వైపు తిరిగింది. "బాబూ, నాను టేసనుకెల్లను. మీదని సెప్తే గానీ ఈలు ఇవ్వరు. తీసుకెల్లి కట్టుకోండి. పది దినాలు సూడాలి గదా."

ఆయన తన బొటనవేలు చూసుకున్నారు. ఆమె పిక్క మీది కట్టు చూశారు. పల్లె సగం మా చుట్టూ చేరింది.

"నాదే," అన్నారు, నాకే వినబడనంత మెల్లిగా.

"ఏటీ? ఇనబడ్నేదు," అంది గంగాలమ్మ.

"నాదే! కుక్క నాదే! కట్టెయ్యకపోవడం నా తప్పు. నాది కాదని పంపించెయ్యడం ఇంకా పెద్ద తప్పు, వరహాలమ్మా!"